ఆయన కిడ్నీ నాకు పడదా?

"ముప్పై ఏళ్లు కాపురం చేశాను, ఆయన కిడ్నీ నాకు పడదంటారేంటి అమ్మాయ్?" అంది మా రావులపాలెం వదిన, వైజాగ్ నుంచి రిపోర్టు వచ్చిన రోజున. బ్లడ్ గ్రూపు ఒకటే. అన్నయ్యకి షుగరు లేదు, బీపీ లేదు. "ఇచ్చేత్తానండి, ఆయ్" అని డాక్టరుగారి ముందు నించున్నాడు కూడా. తీరా చూస్తే క్రాస్‌మ్యాచ్ పాజిటివ్! చుట్టాలు జాతకాల దాకా వెళ్లిపోయారు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా.

జాతకాల్లో ఏం లేదమ్మా, ఉన్నదంతా కాన్పుల్లోనే. కడుపులో బిడ్డకి తండ్రి ముక్కూ మొహమే కాదు, కణాల మీదుండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు కూడా సగం ఆయనవే వస్తాయి. కొందరు తల్లుల ఒళ్లు వాటిని పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఏళ్లు గడిచాక అదే మొగుడి కిడ్నీ పెడితే, పాత పగ లేచినట్టు మీద పడతాయవి. వదినకి రెండో కాన్పులో రక్తం కూడా ఎక్కించారు. రక్తంతోనూ ఈ యాంటీబాడీలు పుట్టొచ్చు.

ఈ క్రాస్‌మ్యాచ్ పరీక్ష వినడానికి చిన్నదే. ఆవిడ సీరంలో ఆయన తెల్లకణాలు కలిపి, కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు చేర్చి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. యాంటీబాడీలుంటే కణాలు చచ్చి రంగు పీల్చుకుంటాయి. ఇప్పుడు ఫ్లో సైటోమెట్రీ లాంటి ఇంకా సున్నితమైనవీ వచ్చాయి. క్రాస్‌మ్యాచ్ విలువ తేల్చింది 1969లో అమెరికాలో పటేల్, టెరసాకి. పాజిటివ్ వచ్చినా కిడ్నీ పెట్టించుకున్న 30 మందిలో 24 మందికి అది వెంటనే పాడైపోయింది. నెగటివ్ వచ్చిన 195 మందిలో 8 మందికే అలా జరిగింది. ఆ 8 మందినీ మరిచిపోకండి. నెగటివ్ వచ్చినా, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందులు మానడానికి లేదు.

దారులు మూసుకుపోలేదు. ప్లాస్మా మార్పిడితో యాంటీబాడీలు తగ్గించే వైద్యం ఉంది, ఖర్చు మాత్రం ఎక్కువే. ఇలాగే కుదరని ఇంకో జంటతో కిడ్నీలు మార్చుకోవడానికి అవయవ మార్పిడి కేంద్ర చట్టం 2011 సవరణతో వీలిచ్చింది. చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవడం ఎలాగూ ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందుకొస్తే, ఒక్కొక్కరితో నూటికి ఇరవై అయిదు పాళ్లు హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం ఉంటుంది.

డాక్టరుగారి దగ్గరికెళ్తే కాన్పులు, పోయిన కడుపులు, ఎప్పుడో ఎక్కించుకున్న రక్తం, అన్నీ చెప్పండి. అత్తగారు పక్కనుందని దాచకండి. డయాలసిస్‌లో రక్తం తగ్గితే, "ఇంజెక్షన్లతో, ఐరన్‌తో పెరగదా అండీ?" అని ముందే అడగండి. ఎక్కించక తప్పకపోతే ఎక్కించుకోండి, కానీ రెండు వారాలు దాటాక యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయించమని గుర్తుచేయండి.