మేయర్ ఎన్నిక: అఫ్జల్‌గంజ్ ఓటరు తెలుసుకోవాల్సినవి

2020 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్ ఓటరు ఏ పార్టీకీ పూర్తి మెజారిటీ ఇవ్వలేదు. 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. అయినా 2021 ఫిబ్రవరి 11న ఒక్క పూటలో మేయర్ ఎన్నిక ముగిసింది. అదెలా జరిగిందో, నిబంధనలు ఏం చెబుతాయో ఇక్కడ చూద్దాం.

మెజారిటీ లేని పార్టీ మేయర్ పదవి ఎలా గెలిచింది?

మేయర్‌కు ఓటు వేసేది కార్పొరేటర్లు మాత్రమే కాదు. నగర పరిధిలోని ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఇక్కడ ఓటరుగా నమోదైన ఎమ్మెల్సీలు, రాజ్యసభ సభ్యులు కూడా ఎక్స్ అఫీషియో సభ్యులుగా చెయ్యెత్తవచ్చు. ఆ రోజుకు అలాంటివారు 44 మంది. లింగోజిగూడలో గెలిచిన బీజేపీ అభ్యర్థి ప్రమాణం చేయకముందే కన్నుమూయడంతో కార్పొరేటర్లు 149 మంది మిగిలారు. మొత్తం 193 ఓట్లు.

ఎక్స్ అఫీషియోల్లో 32 మంది టీఆర్ఎస్ వారు. 56కు 32 కలిస్తే 88. మజ్లిస్ బలం 44కు 10 కలిపి 54, బీజేపీది 47కు 2 కలిపి 49. టీఆర్ఎస్‌కు అప్పటికీ సగం రాలేదు. ప్రచారంలో ఆ పార్టీతో ఢీ అంటే ఢీ అన్న మజ్లిస్ చివరికి దానికే మద్దతిచ్చింది. బంజారాహిల్స్ కార్పొరేటర్ గద్వాల విజయలక్ష్మి మేయర్‌గా, తార్నాక కార్పొరేటర్ మోతె శ్రీలత డిప్యూటీ మేయర్‌గా ఎన్నికయ్యారు.

మరి అఫ్జల్‌గంజ్ ఓటు ఎటు పడింది?

రెండు వైపులా పడింది. ఉస్మానియా ఆస్పత్రి, సెంట్రల్ లైబ్రరీ ఉన్న ఈ ప్రాంతం గోషామహల్ అసెంబ్లీ నియోజకవర్గంలోకి వస్తుంది. అప్పటి ఎమ్మెల్యే రాజాసింగ్ బీజేపీ. నియోజకవర్గంలో ఎక్కువ డివిజన్లు గెలిచిందీ ఆ పార్టీయే. కానీ గోషామహల్ హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో భాగం, అక్కడ ఎంపీ మజ్లిస్ అధినేత అసదుద్దీన్ ఒవైసీ. ఒకే ఓటరు ఎన్నుకున్న ప్రతినిధుల పార్టీలు మేయర్ ఎన్నికలో ఎదురెదురుగా నిలిచాయి. నాకు ఇందులో అభ్యంతరం ఉంది. మీరు ఢిల్లీకి పంపిన ఎంపీ మీ డివిజన్ తీర్పును పక్కకు నెట్టగలిగే నిబంధన ఇది. ఎక్స్ అఫీషియోలు సభలో కూర్చోవాలి, మాట్లాడాలి. మేయర్‌ను ఎన్నుకునే ఓటు మాత్రం కార్పొరేటర్లకే ఉండాలి.

ఎక్స్ అఫీషియోలు ఎక్కడైనా ఓటు వేయవచ్చా?

వేయకూడదు. ఒక్క చోటే. 2020 జనవరిలో వేరే మున్సిపాలిటీలో ఆ హక్కు వాడుకున్నవారికి ఇక్కడ ఓటు దక్కలేదు. ఆ నెలలోనే సూర్యాపేట జిల్లా నేరేడుచర్లలో ఎక్స్ అఫీషియో జాబితా మీద గొడవ జరిగి చైర్మన్ ఎన్నిక వాయిదా పడింది. చిన్న ఊళ్లో ఒక్క పేరు చాలు, ఫలితం తారుమారు కావడానికి.

కోరం లేకపోతే?

సగం మంది హాజరు కావాలి. ఆ రోజు లెక్కలో 97 మంది. రాకపోతే గంట చూసి, సభను మరుసటి రోజుకు వాయిదా వేస్తారు. గెలవడానికి 97 ఓట్లు అక్కర్లేదు. హాజరైనవారిలో ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వారే మేయర్. సమానమైతే చీటీ తీస్తారు.

కార్పొరేటర్ విప్ ధిక్కరిస్తే?

వేసిన ఓటు చెల్లుతుంది, సభ్యత్వం పోతుంది. రహస్య బ్యాలెట్ కాదు కాబట్టి ఎవరు ఎటు చెయ్యెత్తారో అందరికీ కనిపిస్తుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చిన విషయం అదొక్కటే.

డిసెంబరులో ఫలితాలొస్తే ఫిబ్రవరి దాకా ఆగడమెందుకు?

పాత పాలకవర్గం గడువు 2021 ఫిబ్రవరి 10 దాకా ఉంది. రాజ్యాంగం ప్రకారం నగరపాలక సంస్థకు తొలి సమావేశం నుంచి ఐదేళ్లే గడువు, అంతకు మించి లేదు. ఆ రెండు నెలలూ పొత్తు మంతనాలన్నీ జనానికి తెలియకుండానే సాగాయి. టీఆర్ఎస్ అభ్యర్థి పేరు సీల్డ్ కవర్‌లో వచ్చింది. ఓటరుకు ఆఖరున తెలిసింది.

ఇలా ముక్కలైన సభ హైదరాబాద్‌కు కొత్తా?

కాదు. 2009లోనూ ఎవరికీ మెజారిటీ రాలేదు. కాంగ్రెస్, మజ్లిస్ పదవిని పంచుకున్నాయి. మొదట బండ కార్తీక రెడ్డి, 2012 జనవరి నుంచి మాజిద్ హుస్సేన్ మేయర్‌గా పనిచేశారు. అంతకు ముందు 2002లో తీగల కృష్ణారెడ్డిని నగర ఓటర్లే నేరుగా మేయర్‌గా గెలిపించారు. ఆ పద్ధతి మళ్లీ రావాలని కోరే హక్కు మనకుంది.

ఎన్నికయ్యాక మేయర్ పార్టీ మారితే?

పదవి దానంతటదే పోదు. విజయలక్ష్మి 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరినా మేయర్‌గానే కొనసాగారు. దించాలంటే అవిశ్వాస తీర్మానం నెగ్గాలి.

సామాన్యుడు చేయగలిగిందేమిటి?

కార్పొరేటర్ అభ్యర్థి మీ గల్లీకి వచ్చినప్పుడు నాలాలు, నల్లా నీళ్లతో పాటు ఇంకో మాట అడగండి: "మెజారిటీ రాకపోతే మీ పార్టీ మేయర్ కోసం ఎవరికి చెయ్యెత్తుతుంది?" జవాబు నలుగురి ముందు చెప్పించండి. చెప్పనివారికి ఓటు వేయకండి.