పటము బయట, ప్రశ్న లోపల

భూమి తగాదా వచ్చినపుడు మన పెద్దలు కచేరీకి పోయి గ్రామ నక్షా నకలు తెచ్చుకొనెడివారు. చేతికి వచ్చిన నాడు ఆ నకలు సత్యమే. కాని అసలు నక్షాను తరువాత సవరించినచో, పెట్టెలోని నకలు మనకు తెలియకుండనే అబద్ధమాడును. కంప్యూటరులో భౌగోళిక సమాచారమును వాడువారికిని ఇదే చిక్కు కలదు.

ఒక ఉదాహరణము చూతము. 2016 అక్టోబరు 11న తెలంగాణములోని 10 జిల్లాలు 31 అయినవి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలు చేరి ఆ సంఖ్య 33 అయినది. 2016 నాటి సరిహద్దుల పటమును తన డేటాబేసులోనికి నకలు చేసికొన్న ఒక కళాశాల, నేడును దానితోనే విద్యార్థుల స్వగ్రామములను జిల్లాల వారీగా లెక్కించినదనుకొందము. ములుగు విద్యార్థి జయశంకర్ భూపాలపల్లి లెక్కలో పడును. కంప్యూటరు ఏ తప్పును చూపదు. కూడిక సరియైనదే, పటము పాతది.

నకలు తీయక అసలునే చూచు మార్గము కలదా? కలదు. 1970లో కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక పద్ధతిలో సమాచారమంతయు పట్టికలుగా నుండును. పటములు మాత్రము తరచుగా షేప్‌ఫైల్ వంటి విడి ఫైళ్లలో నుండును. ఈ రెంటికి నడుమ ఒక దుబాసీ కావలెను. 2011లో వెలువడిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.1 ఇందుకై ‘ఫారిన్ డేటా ర్యాపర్’ అను ఏర్పాటును తెచ్చినది. ‘ఓజీఆర్ ఎఫ్‌డీడబ్ల్యూ’ అనునది పటముల కొరకైన అట్టి దుబాసీ. జీడాల్ అను లైబ్రరీ ఆధారముగా ఇది అనేక రకముల ఫైళ్లను చదువగలదు.

దీనిని నెలకొల్పుటలో మూడు మెట్లు కలవు. మొదట ఈ ర్యాపరును, ఆకృతులను గ్రహించు పోస్ట్‌జీఐఎస్‌ను డేటాబేసునకు జోడింపవలెను. పిమ్మట ‘క్రియేట్ సర్వర్’ ఆజ్ఞతో ఫైలు ఉన్న చోటును, దాని రకమును తెలుపవలెను. చివరకు ‘క్రియేట్ ఫారిన్ టేబుల్’ ఆజ్ఞతో పరాయి పట్టికను, అందలి గడుల పేర్లను ప్రకటింపవలెను. ఆ పట్టికకు చెందిన ఒక్క వరుసయు డేటాబేసులో నిలువయుండదు. ప్రశ్న అడిగిన ప్రతిసారి ఫైలు నుండియే జవాబు వచ్చును. ఏ గ్రామము ఏ సరిహద్దులో నున్నదో ‘ఎస్‌టీ కంటైన్స్’ అను ఫంక్షనుతో అడిగి, విద్యార్థుల పట్టికతో కలుపవచ్చును. సవరించిన ఫైలును అదే పేరుతో అదే చోట ఉంచినచో, మరుసటి ప్రశ్నకే క్రొత్త జిల్లా కనబడును.

జాగ్రత్తలును మూడు కలవు. ఒకటి, ఫైలును చదువునది మన ముందున్న కంప్యూటరు కాదు, డేటాబేసు నడచుచున్న సర్వరు. కావున ఫైలు దానికి అందుబాటులో నుండవలెను. రెండు, గ్రామములకును సరిహద్దులకును అక్షాంశ రేఖాంశముల కొలత పద్ధతి ఒక్కటే కావలెను. కానిచో ‘ఎస్‌టీ ట్రాన్స్‌ఫార్మ్’తో మార్చుకొనవలెను. మూడు, పరాయి పట్టికపై ఇండెక్సు నిర్మింప వీలులేదు. పెద్ద పటములపై ప్రశ్న నెమ్మదించును. అప్పుడు ‘మెటీరియలైజ్డ్ వ్యూ’గా నిలువ చేసికొని, దానిపై ఇండెక్సు కట్టుకొనవచ్చును. అయితే అది మరల నకలే. దానిని ఎప్పటికప్పుడు ‘రిఫ్రెష్’ చేయుచుండవలెను.

విద్యార్థులారా, నకలు తీయుట దోషము కాదు. అది ఏ నాటిదో వ్రాసి యుంచకపోవుట దోషము. అసలు ఫైలే పాతదైనచో ఏ ర్యాపరును మనలను కాపాడజాలదు. కావున లెక్క వేయుటకు ముందు పటము తేదీని అడుగుడు.