తాటాకు మీది క్రీస్తు కథ



తెలుగులో క్రైస్తవ రచన అచ్చుయంత్రంతోనే మొదలైందని పలువురి భావన. 1746లో లూథరన్ బోధకుడు బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకం అచ్చు వేయించిన మాట నిజమే. కాని ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తునాథుని చరిత్రను పద్యకావ్యంగా రచించారు. పేరు ‘వేదాంత రసాయనము’. (రసాయనమంటే పిల్లలు బడిలో చదివే శాస్త్రం కాదు, ఆయుష్షు పెంచే మందు.)

పద్యమే ఎందుకు? చదువు కొందరికే దక్కిన కాలమది. ఒకరు చదివితే పదిమంది వినేవారు. వచనం చెవి దాటిపోతుంది, పద్యం నోటికి వస్తుంది.

వేదాంతమన్నది పొరుగువారి దర్శనపు మాట కదా, అరువు తెచ్చుకుంటే విశ్వాసం పలచబడదా అని అడిగేవారున్నారు. తత్త్వశాస్త్రం చదివినవాడిగా నాకా భయం లేదు. మాట ఎక్కడ పుట్టిందన్న దానికన్నా ఏ కథలో వాడారన్నదే దాని అర్థాన్ని తేలుస్తుంది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసిన జహీరాబాదు వారికి ఇది వేరే చెప్పాలా? 1606లో మదురై చేరిన యేసుసభ గురువు రాబర్ట్ డి నోబిలి దేవుణ్ణి తమిళంలో ‘సర్వేశ్వరుడు’ అనే పిలిచారు. సంస్కృతపు మాట. మన అమ్మమ్మల ప్రార్థనల్లో వినిపించేదీ అదే.