మనశ్శాంతికి అశ్వగంధ వాడుతున్నారా?

నిద్ర పట్టాలని, మనసు కుదుటపడాలని చాలామంది అశ్వగంధ (పెన్నేరు గడ్డ) చూర్ణమో మాత్రలో వాడుతుంటారు. కొన్ని వారాలు వాడితే ఆందోళన కొంత తగ్గవచ్చునని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే "వేరు మందే కదా, హాని ఏముంది?" అనుకోకండి.

1. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు ఎక్కువవుతుంది.
2. థైరాయిడ్, షుగర్, బి.పి. మందులు వాడేవారు డాక్టరును అడగనిదే వాడరాదు.
3. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదు.
4. అరుదుగా కాలేయం దెబ్బతింటుంది. కళ్ళు పచ్చబడితే వెంటనే మానేసి ఆసుపత్రికి రండి.

దీనిని నమ్ముకొని డాక్టరు ఇచ్చిన మానసిక వైద్యపు మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఓ.పి.కి వచ్చేటప్పుడు ఆ సీసా కూడా తెచ్చి మాకు చూపించండి. మేము కోప్పడము. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే రండి. బ్రతకాలని లేదనిపిస్తే ఆ రోజే రండి.