స్టార్ పెట్టే ముందు ఒక్క మాట
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: సిప్‌కాట్ పారిశ్రామికవాడలో విడిభాగాలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు ఏడబ్ల్యూఎస్ ఎస్3 బకెట్‌లో పెట్టాం. క్వాలిటీ వాళ్ల కోసం అనుమతుల పాలసీ రాసి, రిసోర్స్ దగ్గర బకెట్ ఏఆర్ఎన్ (అమెజాన్ రిసోర్స్ నేమ్, అంటే దాని పూర్తి చిరునామా) ఇచ్చాను. ఫైళ్ల జాబితా కనబడుతోంది కానీ, తెరవబోతే ‘యాక్సెస్ డినైడ్’ వస్తోంది. రిసోర్స్‌కు స్టార్ (*, అంటే అన్నీ) పెట్టేయమంటున్నారు కొందరు. పెట్టనా?
– ఓ పాఠకుడు, హోసూరు

జవాబు: వద్దండీ. ఒట్టి స్టార్ పెడితే జీతాల ఫైళ్లున్న బకెట్ కూడా క్వాలిటీ వాళ్లకు తెరుచుకుంటుంది. పాలసీ దృష్టిలో బకెట్ వేరు, అందులోని ఆబ్జెక్టు వేరు. జాబితా చూపే ‘లిస్ట్‌బకెట్’కు బకెట్ ఏఆర్ఎన్ చాలు. ఫైలు తెరిచే ‘గెట్‌ఆబ్జెక్ట్’కు ఆబ్జెక్టు ఏఆర్ఎన్ కావాలి. రెండో స్టేట్‌మెంట్ రాసి, బకెట్ పేరు తర్వాత స్లాష్, రిపోర్టుల ఫోల్డర్ పేరు, మళ్లీ స్లాష్, ఆ చివర స్టార్ పెట్టండి. ఆ ఫోల్డర్ వరకే తెరుచుకుంటుంది.

ప్రశ్న: ఈసీ2 సర్వర్ ఏఆర్ఎన్‌లో రీజియన్, అకౌంట్ నంబరు ఉంటాయి. ఎస్3లో అక్కడ ఖాళీ. ఎందుకని?
– ఓ విద్యార్థిని, కృష్ణగిరి

జవాబు: పట్టాలో జిల్లా, తాలూకా, గ్రామం దాటాకే సర్వే నంబరు వస్తుంది కదమ్మా. ఏఆర్ఎన్ కూడా అంతే: సర్వీసు, రీజియన్, 12 అంకెల అకౌంట్ నంబరు, చివర రిసోర్సు. ముంబై రీజియన్ ఏపీ-సౌత్-1. 2022లో వచ్చిన హైదరాబాద్ ఏపీ-సౌత్-2. ముంబై పేరుతో రాసిన పాలసీ హైదరాబాద్‌లోని సర్వర్‌కు పనిచేయదు.

మామూలు ఎస్3 బకెట్ పేరు ఒకరిదైతే ఇంకొకరు పెట్టుకోలేరు. అందుకే రీజియన్, అకౌంట్ గడులు ఖాళీగా ఉన్నా పేరుతోనే గుర్తుపట్టేస్తారు. చిక్కూ అక్కడే ఉంది. మీరు బకెట్ తీసేశాక అదే పేరు వేరేవాళ్లు తీసుకోవచ్చు. మీ పాత పాలసీ అప్పుడు వాళ్ల బకెట్‌ను చూపిస్తుంది, మీ రిపోర్టులు అక్కడికి వెళ్లే ప్రమాదం ఉంది. కండిషన్‌లో ‘రిసోర్స్‌అకౌంట్’ అని మీ అకౌంట్ నంబరు రాస్తే ఆ భయం ఉండదు.

ప్రశ్న: అయితే స్టార్ ఎప్పుడూ తప్పేనా?
– ఓ పాఠకుడు, బాగలూరు

జవాబు: కాదు. సర్వర్ల జాబితా తెచ్చే ‘డిస్క్రైబ్‌ఇన్‌స్టాన్సెస్’కు స్టార్ తప్ప మరొకటి కుదరదు. దాన్ని విడిగా ఒక స్టేట్‌మెంట్‌లో ఉంచండి. సర్వర్‌ను ఆపే అధికారమైన ‘స్టాప్‌ఇన్‌స్టాన్సెస్’ను మాత్రం ఫలానా ఇన్‌స్టాన్స్ (సర్వర్)కో, ఫలానా ట్యాగ్‌కో పరిమితం చేయండి. ట్యాగ్‌తో కట్టడి చేస్తే ట్యాగ్ మార్చే హక్కు ఆ మనిషికే ఇవ్వకండి, ఇస్తే తన హద్దు తానే జరుపుకోగలడు. ఏ పనికి ఏ రిసోర్సు రాయవచ్చో ఏడబ్ల్యూఎస్ వారి ‘సర్వీస్ ఆథరైజేషన్ రిఫరెన్స్’ పట్టికలో ఉంటుంది. రిసోర్సు గడి ఖాళీగా ఉన్న పనికే స్టార్ పెట్టండి.