క్రొత్త కోళ్లను మందలో చేర్చు విధము

సంతలో కొన్న కోడిని ఆ దినముననే పాతకోళ్లతో గలిపి గూట మూయుట మన గ్రామములలో వాడుక. పలుమాఱు దీనివలన కీడు కలుగదు. కలిగిననాడు మాత్రము మంద యంతయు పోవును. కొక్కెర తెగులు సోకిన కోడి రెండు మొదలు పదునైదు దినముల వఱకు ఏ లక్షణమును చూపకుండవచ్చును. ఆ లోపలనే దాని రెట్టనుండియు, ముక్కునీటినుండియు తెగులు తక్కినవానికి సోకవచ్చును. కావున కంటికి నిక్షేపముగా నున్నదని నమ్మరాదు.

కొనుట: టీకాలు వేయించి పెంచువారియొద్ద, ఒక్కచోటనే కొనుట మేలు. పలు గ్రామముల కోళ్లు కలియు సంత తెగుళ్లకు కూడలి. కన్నులు తేటగను, ముక్కు పొడిగను ఉండవలెను. ఊపిరిలో గురక యుండరాదు. ఱెక్కలక్రింద ఈకలు విప్పి పేలున్నవేమో చూడవలెను. తోకక్రింద రెట్ట యంటిన కోడిని విడువవలెను. గ్రుడ్లు పెట్టుచున్న పెట్టకు తోకక్రింది రెండెముకల సందున రెండు మూడు వ్రేళ్లు పట్టును. తెగులున్న యూర కోళ్లు చవుకగనే దొరకును. ఆ చవుకకు ఆశపడరాదు.

వేరుగా నుంచుట: క్రొత్తకోళ్లను మూడు వారములు పాతవి తిరుగని దొడ్డిలో నుంచవలెను. నీటిమూకుడు వేరుగా నుండవలెను. ముందు పాతవానికి, పిదప క్రొత్తవానికి మేత వేసి, కాలుసేతులు కడుగుకొనవలెను. ఆకుపచ్చని పలుచని రెట్ట, నోరు తెఱచి రొప్పుట, మెడ వంకరపోవుట కనబడినచో వెంటనే పశువైద్యునకు తెలుపవలెను. అట్టి కోడిని అమ్మరాదు. చచ్చినదానిని చెఱువులో వేయక, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను.

కలుపుట: గడువు తీఱిన పిదప నాలుగైదు దినములు క్రొత్తవానిని పాతకోళ్ల యెదుటనే వెదురుతడిక కావల నుంచవలెను. ఒకదాని నొకటి చూచి అలవాటుపడును. తరువాత చీకటి పడినప్పుడు, పాతవి కునుకుచుండగా, గూటిలోనికి చేర్చవలెను. ఒంటికోడిని చేర్చిన మంద యంతయు దానినే పొడుచును. రెండుమూడింటిని గలిపి చేర్చుట మంచిది. మేత, నీరు రెండుమూడు తావుల నుంచవలెను. పెద్దఱికమునకై కొన్నాళ్లు పొడుచుకొనుట సహజమే. నెత్తురు కనబడిన కోడిని మాత్రము వెంటనే తీసివేయవలెను. నెత్తురు చూచిన కోళ్లు పొడుచుట మానవు. పిల్లలను పెద్దవానితో సమముగా నెదిగిన పిదపనే కలుపవలెను.

సభ్యులు కలసి చేయదగిన పని: టీకా సీసా యొక్కటి నూఱు కోళ్లకో, అంతకు మించియో వచ్చును. దానిని చల్లగా నుంచవలెను. కలిపిన రెండు గంటలలో వాడవలెను. పది కోళ్లకై ఒక సీసా విప్పుట దండుగ. కావున సంఘసభ్యులు ఒక దినము నిర్ణయించుకొని, ఊరి కోళ్లన్నిటికిని ఒక్కమాఱే టీకా వేయించుకొనవలెను. రక్షణ కలుగుటకు సుమారు రెండు వారములు పట్టును గనుక, క్రొత్తవానిని కొనుటకు ముందే పాతవానికి వేయింపవలెను. పొరుగువాని కోడియు మన కోడియు ఒక్క పెంటకుప్పనే గెలకును. ఒక యింటి అజాగ్రత్త వీధికంతకును నష్టము. గ్రుడ్లమ్మిన డబ్బుతో ఉప్పు, నూనె కొనుకొను ఇల్లాండ్రకు ఈ మూడు వారముల ఓపిక వ్యర్థము కాదు.