భేదము పెరుగునా, తరుగునా?
(ప్రథమ పరిమాణపు అవకలన సమీకరణములను గూర్చి యొక పాఠము)

క్రిందటి వేసవి సెలవులకు ముందొకనాడు మా తరగతి విద్యార్థి యొకని తండ్రిగారు చిన్న లెక్కల పుస్తకము చేత బట్టుకొని మాయొద్దకు వచ్చిరి. ఆయన అయిదు సంవత్సరముల క్రిందట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున 50,000 రూపాయలు అప్పు తెచ్చుకొనిరి. నెలనెలకును 900 రూపాయలు తప్పక చెల్లించుచు వచ్చిరి. అరువది నెలలు నిండిన పిదప ఋణదాత బాకీ 61,405 రూపాయలని చెప్పెనట.

“మాస్టరుగారూ, నేను తెచ్చినది 50,000. కట్టినది 54,000. ఇంకను అరువదివేలకు పైగా బాకీ యెట్లుండును? ఇందులో మోస మెక్కడ నున్నదో మీరు చూచి చెప్పవలెను” అని యడిగిరి.

మేము లెక్క చూచితిమి. ఆయనకు మే మిచ్చిన ప్రత్యుత్తరమును చెప్పుటకు ముందు, మా ప్రయోగశాలలో నొక ఇత్తడి గిన్నెలో చల్లారిన నీటిని గూర్చి చెప్పవలసియున్నది. ఏలయన, ఆ నీటికిని ఈ యప్పునకును సమీకరణ మొక్కటియే.

బీజగణితములో మన మెఱిగిన సమీకరణములు తెలియని సంఖ్యను గూర్చి చెప్పును. అవకలన సమీకరణము అట్లుగాక, ఒక రాశి యే వేగముతో మాఱుచున్నదో చెప్పును. ఆ మార్పురేటునుండి రాశిని కనుగొనుటయే సాధన. రేటుయొక్క రేటు మొదలగునవి లేక, మొదటి రేటు మాత్రమే యున్న సమీకరణమును ప్రథమ పరిమాణపు సమీకరణ మందురు.

ఇక గిన్నె సంగతి. 80 డిగ్రీల వేడినీటిని గిన్నెలో పోసి, 30 డిగ్రీల వేడిమిగల గదిలో నుంచితిమి. పది నిమిషములకు ఉష్ణమాపకము 60 చూపెను. ఇరువది నిమిషముల కెంత యుండునని పిల్లల నడుగగా, ముందుబల్లమీది బాలు డొకడు లేచి “40, సార్” అనెను. ముప్పది నిమిషములకో? “20” అనెను. గది 30 డిగ్రీలుండగా నీళ్లు దానికంటె చల్లనగుట యెట్లని వెనుకనుండి యొక బాలిక యడుగువఱకు వానికి తన పొరపాటు తోచలేదు. ఆ ప్రశ్నయే మాకు పాఠమును తెచ్చిపెట్టినది. చల్లారుట యంతయు గది వేడిమిని బట్టి నడచుచున్నది గాని 0 డిగ్రీలను బట్టి కాదు. కావున మనము చూడవలసినది నీటి వేడిమిని కాదు; దానికిని గదికిని గల భేదమును.

ఈ మాటను 1701వ సంవత్సరమున న్యూటను లాటిను భాషలో, తన పేరు వేయకయే ప్రకటించిన వ్యాసమున జూపెను. వస్తువు చల్లారు వేగము ఆ భేదమునకు అనుపాతములో నుండును. భేదమును ‘భే’ యనియు, స్థిరసంఖ్యను ‘క’ యనియు వ్రాసినచో,

భే యొక్క మార్పురేటు = – క × భే

అగును. భేదము తగ్గుచున్నది గనుక ఋణచిహ్నము.

దీనిని సాధించుట కష్టము కాదు. ఇరుప్రక్కలను ‘భే’ చేత భాగింపుడు. కుడిప్రక్కను స్థిరసంఖ్య మాత్రమే మిగులును. ఎడమప్రక్క నున్నది భే యొక్క సహజ సంవర్గమానపు మార్పురేటు. అనగా భేదముయొక్క సంవర్గమానము నిమిష నిమిషమునకును సమానముగా తగ్గును. భేదము మాత్రము ప్రతి సమకాలమునకును ఒకే నిష్పత్తిలో తగ్గును. రాశి నొకవైపునకును కాలము నింకొకవైపునకును చేర్చి సమాకలనము చేయు నీ పద్ధతికి చలరాశులను వేరుచేయు పద్ధతియని పేరు. లైబ్నిట్జు 1691లోనే దీనిని కనుగొనెను.

మన గిన్నెలో మొదటి భేదము 50. పది నిమిషముల తరువాత 30. నిష్పత్తి అయిదింట మూడు వంతులు. కావున ఇరువదవ నిమిషమున భేదము 18, ముప్పదవ నిమిషమున 10.8. నీటి వేడిమి క్రమముగా 48, 40.8 కావలెను. ఎంతకాలము గడచినను 30కి దిగువకు పోదు. 50 యొక్క సహజ సంవర్గమానము 3.912, 30 యొక్కది 3.401; ఈ రెంటి భేదమును పదిచేత భాగించినచో ‘క’ విలువ నిమిషమునకు 0.0511 అని తేలును. ‘క’ను ఏ పుస్తకమును చెప్పలేదు, కొలిచియే తెలిసికొనవలెను.

ఇచ్చట నొక మాట దాచక చెప్పవలెను. ఆనాడు ఇరువదవ నిమిషమున మా ఉష్ణమాపకము 48 చూపలేదు. 50కి చేరువలో నుండెను. పిల్లలు న్యూటను తప్పెనని సంతోషించిరి. అసలు కారణము మూతలేకపోవుట. మిక్కిలి వేడిగా నున్నప్పుడు నీరు ఆవిరియై పోవుచు అధికముగా చల్లబడెను. ఆ మొదటి పది నిమిషముల కొలతనుండియే ‘క’ను తీసితిమి గనుక అది యెక్కువగా వచ్చెను. మఱునాడు గిన్నెకు మూతవేసి, దాని రంధ్రములోనుండి ఉష్ణమాపకమును దించి కొలువగా లెక్కయు కొలతయు చాలవఱకు కలిసెను. సమీకరణము తాను చెప్పిన సంగతిని మాత్రమే చెప్పును. ఆవిరిని గూర్చి మన మందులో వ్రాయలేదు గదా!

ఇప్పుడు అప్పును చూతము. అప్పు ప్రతినెలయు తనలో నూఱింట రెండు వంతులు పెరుగును. చెల్లించిన సొమ్మంత తగ్గును. కావున,

అప్పుయొక్క మార్పురేటు = 0.02 × అప్పు – నెలసరి చెల్లింపు.

చెల్లింపును 0.02 చేత భాగింపుడు. నెలకు 900 అయినచో 45,000 వచ్చును. ఈ 45,000 యే గది వేడిమివంటిది. అప్పు సరిగా 45,000 ఉన్నచో నెల వడ్డీ 900, చెల్లింపు 900, అప్పు కదలదు. ఈ మట్టమునుండి భేదమును ‘భే’ యనినచో,

భే యొక్క మార్పురేటు = + 0.02 × భే.

గిన్నె సమీకరణమే! చిహ్నము మాత్రము మాఱినది. అక్కడ భేదము సమసిపోవును, ఇక్కడ పెరుగును. మట్టమునకు పైనున్న అప్పు ఇంకను పైకి పోవును. క్రిందనున్నది ఇంకను క్రిందికి దిగి యొకనాటికి తీఱిపోవును. ఆ తండ్రిగారి అప్పు 50,000. మట్టముకంటె 5,000 ఎక్కువ. నెలనెలా లెక్క కట్టినచో ఆ 5,000 అరువది నెలలకు 16,405 అగును. దానికి 45,000 కలుపుడు: 61,405. (సమీకరణము వడ్డీ క్షణక్షణమును పెరుగునట్లు భావించును గనుక దానిచే సుమారు 61,600 వచ్చును. వ్యత్యాసము స్వల్పము.)

మోసము లేదు. లెక్కలో నొక పైసయు తప్పు లేదు. ఈ మాటను ఆయనతో చెప్పుట మాకు మిక్కిలి కష్టమైనది. మోసమున్నచో పట్టుకొని యడుగవచ్చును. మొదటినెల వడ్డీకి నూఱు రూపాయలు తక్కువ కట్టుటలోనే యిది యంతయు నుండెనని తెలిసినప్పుడు ఎవరి నడుగుట? ఆయన కొంతసేపు మాటాడక కూర్చుండిరి.

పిదప మేము బల్లమీద కాగితముంచి యీ క్రింది సంగతులను వ్రాసి చూపితిమి. మొదటినుండి నెలకు 1,000 కట్టియుండినచో అప్పు ఎన్నటికిని 50,000 గానే నిలిచియుండును. 1,100 కట్టినచో మట్టము 55,000. అప్పు దానికి క్రింద నుండును. తీఱుటకు పదేండ్లు పట్టును. 1,200 కట్టినచో ఏడున్నర సంవత్సరములు. నెలకు నూఱు రూపాయలు హెచ్చించుటచే రెండున్నర సంవత్సరములు తగ్గినవి! 1,500 కట్టినచో సుమారు నాలుగు సంవత్సరముల ఏడు నెలలు. 2,000 అయినచో మూడేండ్లలోపున తీఱును.

“ఇప్పు డేమి చేయవలెను?” అని ఆయన యడిగిరి. నేటి బాకీమీద నెలవడ్డీయే 1,228 రూపాయలు. ఆయన కట్టగలిగినది 900. మట్టమును పెంచుటకు రెండే మార్గములు: చెల్లింపు హెచ్చించుట, లేదా వడ్డీ తగ్గించుట. నూటికి నెలకు ఒక రూపాయి వడ్డీకి ఏ సహకార సంఘమునందో అప్పు దొరకి, దానితో పాతబాకీని తీర్చగలిగినచో, అదే 900 కి మట్టము 90,000 అగును. 61,405 దానికి ఎంతయో క్రింద నున్నది. అప్పుడు నెలనెలకును అదే 900 కట్టుచు తొమ్మిదిన్నర సంవత్సరములలో తీర్చవచ్చును. దీర్ఘకాలమే, కాని తీఱును. ఆయన ఆ కాగితమును జాగ్రత్తగా మడిచి లెక్కల పుస్తకములో నుంచుకొని వెళ్లిరి.

పై తరగతుల విద్యార్థులకు మఱియొక సంగతి. చెల్లింపే లేనప్పుడు మట్టము 0 అగును. అప్పుడు రాశి తనంతట తాను ఒకే నిష్పత్తిలో పెరుగుటయో తరుగుటయో జరుగును. క్షణక్షణమును చక్రవడ్డీ కట్టినచో ధన మెంతవఱకు పెరుగునో 1683లో జేకబ్ బెర్నూలీ ఆలోచించి, నూటికి నూఱు వడ్డీతో రూపాయి సంవత్సరాంతమునకు మూడు రూపాయలను దాటజాలదని కనుగొనెను. ఆ యవధి 2.718 కి చేరువ. సహజ సంవర్గమానమునకు ఆధారమైన సంఖ్య యిదియే. తరుగుదలకు రేడియో కార్బన్ ఉదాహరణము. చచ్చిన కొయ్యలో అది సుమారు 5,730 సంవత్సరములకు సగమగును. విల్లర్డ్ లిబ్బీ యను రసాయనశాస్త్రజ్ఞుడు దీనిచే ప్రాచీన వస్తువుల వయస్సును లెక్కించు విధానమును కనిపెట్టి 1960లో నోబెల్ బహుమానము నందెను. ఒక కొయ్యముక్కలో నాలుగవ వంతు మాత్రమే మిగిలియున్నచో దాని వయస్సెంతయో మీరే చెప్పుడు.

దానితోపాటు ఇంకొక లెక్క. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 50,000 రూపాయల అప్పు సరిగా ఇరువదినాలుగు నెలలలో తీఱవలెననిన నెలకెంత కట్టవలెను? పైన చెప్పిన సమీకరణముతో చేసినవారికి 2,623కి సమీపమున వచ్చును. నెలనెలా వడ్డీ కట్టి చేసినవారికి కొంచెము భేదించును. ఆ భేద మెంతయో, ఎందుచేత వచ్చెనో సెలవుల తరువాత తరగతిలో మాకు చెప్పవలెను.